అబూ షనబ్ రెండు తలుపులు

మా హోటల్ చరిత్రను లాబీలో ఒక గోడ నిండా పెట్టాలని ఈ ఏడు నిర్ణయించారు. పాత ఫోటోలన్నీ పెట్టెల్లోంచి తీసి, అందులో ఎవరెవరున్నారో గుర్తుపట్టడానికి పాత ఉద్యోగులను ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. టెలిఫోన్ గదిలో చాలా ఏళ్ళుగా ఉన్నదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. ఆ పని చూస్తున్న అమ్మాయి బల్ల మీద ఫోటోలు పరిచింది. మంత్రులను, రాకుమారులను, ఫుట్‌బాల్ ఆటగాళ్ళను తనే గుర్తుపట్టింది. ఆమెకు తెలియని మనిషి ఒక్కరే. దాదాపు ప్రతి ఫోటోలోనూ ఆ మనిషి అంచున ఉన్నాడు. ఒకదానిలో సగం మీసం, ఒకదానిలో తలపాగా కొస, మరొకదానిలో కారు తలుపు పట్టుకున్న తెల్ల గ్లవుజు చెయ్యి.

"ఈయనెవరు?" అని అడిగింది. పేరు చెప్పాను, రాసుకుంది. కానీ హోటల్లో ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళు లేరు. అరబ్బు అతిథులు 'అబూ షనబ్' అనేవారు, అంటే మీసాలాయన అని. వంటవాళ్ళూ, డ్రైవర్లూ, మేనేజర్లూ అదే పేరు పట్టుకున్నారు. నేను మాత్రం అన్నా అని పిలిచేదాన్ని. ఈ వానాకాలంలో ఆయన జగిత్యాల దగ్గర తన ఊళ్ళో పోయాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆరడుగుల మనిషి. మీసం చెంపల మీదుగా వెళ్ళి పైకి తిరిగేది. హోటల్ ఇచ్చిన ఎర్ర కోటు, జరీ కుచ్చు తలపాగా ఆయన కోసమే పుట్టినట్టు ఉండేవి. అప్పట్లో మా హోటల్‌కు ఇత్తడి చట్రంలో దళసరి గాజు బిగించిన రెండు రెక్కల తలుపు ఉండేది. ఆ తలుపు ఆయన తీస్తే చప్పుడుండేది కాదు. వేసినా ఉండేది కాదు. ఎవరైనా ఎక్కడైనా తలుపు దడాలున వేస్తే ఆయన మొహం ఎవరో తనను కొట్టినట్టు ముడుచుకునేది. చలికాలంలో ఒక పెద్దాయన చేతి మీద డేగను కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. ఆయన కారు కనబడగానే అన్న రెండో రెక్క కూడా తీసేవాడు. ఎందుకని అడిగితే పిట్ట రెక్కకు తలుపు తగలకూడదు కదా అన్నాడు. ఆ పెద్దాయన తర్వాత వేరే హోటళ్ళు ఎన్ని వచ్చినా మా హోటల్ వదల్లేదు.

నేను తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఆయన్ను 'మీరు', 'అండి' అనేదాన్ని. మా గదికి అద్దం కిటికీ ఉంది. అక్కడినుంచి లాబీ, ముందు తలుపు కనబడతాయి. తెలుగువాడని తెలిసి ఒకరోజు దగ్గరకు వెళ్ళి, "ఎప్పుడొచ్చారండీ ఖతర్‌కి?" అని అడిగాను. ఆయన నవ్వి, అండి అంటే తన వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుందని, అన్నా అనమని చెప్పాడు. ఆనాటి నుంచి నేను ఆయనకు చెల్లెను.

ఆయన ఇక్కడికి వచ్చింది రాళ్ళు మోయడానికి. హోటల్‌కు కొత్త భాగం కడుతున్నప్పుడు హెల్పర్‌గా వచ్చాడు. ప్రారంభోత్సవం దగ్గర పడింది. తలుపు దగ్గర నిలబడడానికి రావాల్సిన మనిషికి వీసా అందలేదు. భుజాన పాలరాయి పెట్టుకుని మెట్లు దిగుతున్న ఈయన్ను అప్పటి మేనేజర్ చూశాడు. కిందికి దింపించి, మొహం కడిగించి, ఎర్ర కోటు తొడిగించాడు. చేతులు కాస్త పొట్టి అయ్యాయి తప్ప కోటు సరిపోయింది. పని వచ్చా అని అడిగారట. ఈ సంగతి ఆయన ఎంతమందికి చెప్పాడో గాని ఎప్పుడు చెప్పినా ముగింపు ఒకటే: "నిలవడుడే గదా సార్ అన్న. నిలవడుడు అంత అల్కగ లేదని అటెన్క ఎర్కైంది."

హోటల్‌ను ఆయన 'ముసల్ది' అనేవాడు. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు ఇంకా పూర్తిగా వేయకముందు కట్టారు దాన్ని. ఊళ్ళో పెద్ద పెళ్ళి అంటే అక్కడే, పెద్ద ఒప్పందం అంటే అక్కడే. పెళ్ళిరోజు దీపాలు వెలిగితే, "మన ముసల్ది ఇయ్యాల మంచిగ తయారైంది" అని మురిసేవాడు. తర్వాత నీటికి అవతల గాజు టవర్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. వాటి మధ్య మాది పొట్టిదైపోయింది. గదుల్లో తివాచీ పాతదైందని, స్నానాల గదులు ఇరుకని అతిథులు ఫిర్యాదు చేసేవారు. కొత్త హోటళ్ళవాళ్ళు ఆయన్ను కూడా పిలిచారు. అలాంటి మీసం దొరకదు కదా. ఆయన వెళ్ళలేదు.

యూనిఫాంలో ఉండగా ఆయన ఏమీ తినడం నేను చూడలేదు. భోజనానికి దిగితే ముందు తలపాగా తీసి బల్ల మీద పెట్టి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, బనియన్ మీద కూర్చునేవాడు. కాంటీన్లో నలుగురూ నవ్వేవాళ్ళు. "గీ బట్ట హోటల్‌ది. ఆకలి నాది" అనేవాడు. ఫోన్లో ఇంటి నుంచి ఎవరు మాట్లాడినా, ఊరంతా అలవాటుగా అన్నట్టే, దుబాయ్‌లో ఎండలెట్లా ఉన్నాయని అడిగేవారు. అందరికీ విసుగు లేకుండా దిద్దేవాడు. దుబాయ్ కాదు, ఖతర్. మళ్ళీ ఫోన్లో వాళ్ళు దుబాయ్ అనేవాళ్ళు, ఆయన మళ్ళీ దిద్దేవాడు. మనిషిలో ఉన్న పట్టుదల నాకు మొదట కనబడింది అక్కడే. అప్పుడు దాన్ని చాదస్తం అనుకున్నాను.

మా హోటల్‌కు రెండు దారులు. ముందు తలుపు అతిథులకు. పక్క సందులోంచి చుట్టూ తిరిగి వెళితే వెనక గేటు. సరుకుల లారీలు, చెత్త బండ్లు, సిబ్బంది, పనివాళ్ళు అందరూ అటే. తెలియక ముందుకు వచ్చిన కూలీనో, యజమాని సామాను పట్టుకొచ్చిన డ్రైవర్‌నో పంపించేయాల్సిన పని కూడా ఈయనదే. కానీ పొమ్మనేవాడు కాదు. తను ముందు నడిచి, సందు మూల దాకా వెళ్ళి, అతిథికి చేసినట్టే చెయ్యి చాపి దారి చూపించేవాడు. అదే విషయం ఒకసారి నేను కదిపితే ఆయన చెప్పినది నాకు బాగా గుర్తు.

"ఎవలు రావాల్నో హోటల్ జెప్తది చెల్లె. ఎట్ల తెర్వాల్నో నేన్ జెప్త."

అంతకాలం ఆయన ఆ నియమాన్ని ఒక్కసారి కూడా దాటలేదు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత జరిగినదాని బరువు తెలియదు.

హోటల్‌ను బాగు చేయించాలని యజమానులు పూనుకున్న ఎండాకాలం అది. ఊరంతా తవ్వకాలే, మెట్రో పనులే. మా ముందు వాకిట్లో పాత రాళ్ళు పీకి కొత్తవి పరుస్తున్నారు. మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని నియమం ఉంది గాని, సముద్రం మీద నుంచి తేమ వచ్చే రోజుల్లో పొద్దున్నే ఊపిరాడదు. ఆ పొద్దున ఒక పెద్ద బృందం వస్తోందని లాబీ అంతా సిద్ధం చేశారు. పూలు, ఖర్జూరాలు, అతిథుల చేతికివ్వడానికి ఐసులో పెట్టి చుట్టిన సువాసన తువ్వాళ్ళు ఒక వెండి పళ్ళెంలో ఉన్నాయి. ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ తలుపు లోపల నిలబడి టై సర్దుకుంటున్నాడు.

రాయి ఎత్తుతున్న ఒక నేపాలీ కుర్రాడు ఎత్తినవాడు ఎత్తినట్టే పక్కకు ఒరిగిపోయాడు. కిటికీలోంచి నాకు కనబడింది. తోటివాళ్ళు మూగారు. ఫోర్‌మన్ వాడిని వెనక గేటుకు తీసుకుపొమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వెనక గేటంటే ఆ ఎండలో భవనం చుట్టూ తిరిగి, లాండ్రీ నుంచి వేడిగాలి కొట్టే సందులోంచి వెళ్ళాలి.

అన్న అక్కడికి నడిచి వెళ్ళాడు. పరుగెత్తలేదు. వంగి ఆ కుర్రాడి చెంప తాకి చూశాడు. తర్వాత ఒకప్పుడు పాలరాయి మోసినట్టు వాడిని భుజాన వేసుకుని తిన్నగా ముందు తలుపు వైపు వచ్చాడు. రెండు చేతులూ వాడి మీదే ఉన్నాయి. తలుపు తీసేవాడు లేడు. లోపలున్న మేనేజర్ కదల్లేదు. వద్దన్నట్టు అరచెయ్యి మాత్రం పైకెత్తాడు. నేను గదిలోంచి ఎప్పుడు లేచానో, ఎలా చేరానో తెలియదు. తలుపు లాగి పట్టుకున్నాను. ఆ తలుపు ఎంత బరువో నాకు ఆ రోజే తెలిసింది.

కుర్రాడిని తెల్ల సోఫా మీద పడుకోబెట్టాడు. చొక్కా గుండీలు విప్పాడు. వెండి పళ్ళెం అందుకుని అతిథుల తువ్వాళ్ళన్నీ వాడి మెడ మీద, చంకల్లో, పొట్ట మీద పరిచాడు. అవి చాలలేదు. తన తలపాగా తీసి, అడుగున మిగిలిన ఐసునీళ్ళలో ముంచి, ఆ పొడవాటి జరీ బట్టతో వాడిని తల నుంచి నడుము దాకా చుట్టాడు. అప్పటికి నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. సోఫా మీద సిమెంటు, చెమట, నీళ్ళు. బట్టతల మీద చెమట కారుతూ ఆయన వాడి మొహం మీద విసురుతున్నాడు, తెలుగులోనే ఏదో మాట్లాడుతున్నాడు. వాడికి అర్థం కాని భాషే గాని, కాసేపటికి వాడి వేళ్ళు కదిలాయి. అంబులెన్సు వచ్చేటప్పటికి కళ్ళు తెరిచాడు. అదే సమయంలో అతిథుల కార్లూ వచ్చాయి. ఆ బృందం స్ట్రెచర్‌కు దారి ఇచ్చి పక్కన నిలబడింది. వాళ్ళెవరూ ఒక్కమాట అనలేదని మేనేజరే తర్వాత ఒప్పుకున్నాడు.

అయినా మర్నాడు అన్నను పైకి పిలిచారు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టి, అందులో ఏముందో తెలుగులో చెప్పమని నన్నూ పిలిచారు. కూర్చోబెట్టి మాట్లాడిన, సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చిన ఒత్తిడి ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. నేను చదివి చెప్పాను. తొందరలో పొరపాటు చేశాను, నియమం దాటాను, మళ్ళీ ఇలా జరగదు. అంతే. సంతకం పెడితే రేపటి నుంచి మీ తలుపు మీకే అన్నా అని కూడా చెప్పాను. నిజం చెప్పాలంటే ఆయన పెట్టేస్తే బాగుండునని నాకుంది.

ఆయన కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసి అన్నాడు.

"నియమం దాటిన అన్నది నిజమే, ఉండనియ్యి. పొరపాటు అన్నది నిజం గాదు, తీసెయ్యమను. మల్ల జర్గదు అన్నది నా చేతుల లేదు చెల్లె. రేపు ఇంకోడు వడ్తే మల్ల జర్గుతది."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రెండు మాటలు మార్చి చూద్దామన్నాడు. పైకి వెళ్ళి వచ్చాడు. మార్చడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదట. అన్న లేచి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

ఉద్యోగంలోంచి తీసేయలేదు. వెనక గేటుకు వేశారు. ఎర్ర కోటు లాండ్రీకి పోయింది, నీలం చొక్కా వచ్చింది. మీసం మాత్రం అలాగే ఉంది. చేపల లారీల వాసన, చెత్త బండ్ల రొద, లాండ్రీ వేడిగాలి. అదీ ఆయన కొత్త చోటు. మూడోరోజు ఎక్కడినుంచో ఒక పెద్ద నీళ్ళ డబ్బా, స్టీలు గ్లాసులు తెచ్చి గేటు లోపల బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ కప్పులు తేవచ్చు కదా అంటే, పారేసేదాంట్లో మనిషికి నీళ్ళివ్వనన్నాడు.

గేటు దగ్గర ఆయన డ్యూటీ ఏమిటంటే, కాంట్రాక్టరు బస్సుల్లో క్యాంపు నుంచి వచ్చే పనివాళ్ళ హెల్మెట్లు, కార్డులు చూసి లోపలికి పంపడం. దానికి ఆయన ఇంకొకటి చేర్చాడు. గ్లాసెడు నీళ్ళు తాగితేగాని గేటు తెరిచేవాడు కాదు. బెంగాలీ అయినా, నేపాలీ అయినా, నిజామాబాద్ నుంచి వచ్చినవాడైనా సరే. తాగాక గేటు తెరిచి, ముందు తలుపు దగ్గర రాకుమారులకు వంగినంతే వంగి, చెయ్యి చాపేవాడు. మొదట్లో కూలీలు వేళాకోళం అనుకుని నవ్వారు. తర్వాత కొంతమంది నడక మార్చుకుని, కాలర్ సర్దుకుని లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఫోర్‌మన్ మాత్రం పని ఆలస్యమవుతోందని గొడవపడ్డాడు. గేటు దగ్గర నిలబడి యల్లా, యల్లా, అంటే పదండి పదండి అని అరిచేవాడు. నీళ్ళు తాగినంక యల్లా, అనేది అన్న జవాబు. అది కొన్నాళ్ళకు పనివాళ్ళ నోట పాటలా అయిపోయింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఆ నేపాలీ కుర్రాడు మొదటిరోజు గేటు దగ్గరకు వచ్చి ఏం చేయాలో తెలియక చేతులు జోడించాడట. అన్న వాడి చేతులు విడదీసి గ్లాసు పెట్టాడు. వాడికి మాత్రం రెండు గ్లాసులు.

నీళ్ళతో అయిపోలేదు. ఆ గేటు పక్కనే పెళ్ళిళ్ళకు వచ్చే పూలు దాచే చల్లని గది ఉంది. దానికి ఆనుకుని విరిగిన కుర్చీలు పడేసిన ఇంకో గది. ఆ రెండో గది ఖాళీ చేసి, చల్లగా ఉంచి, పనివాళ్ళు ఎండ దెబ్బ తగలకముందే కాసేపు కూర్చోవడానికి ఇవ్వాలని ఆయన పట్టుపట్టాడు. నాతో అన్నది ఒక్క మాట.

"పూలకు ఉన్నది గదా చెల్లె. మనుషులకు అడుగుతున్న."

అడగడం ఎలాగంటే ఫోన్ చేయడం. పనివాళ్ళందరూ లోపలికి వెళ్ళాక ప్రతి ఉదయం నా టెలిఫోన్ బోర్డు మీద గేటు దీపం వెలిగేది. మంచిగున్నవా అని నన్ను పలకరించి, పెద్ద సాబ్‌కు కలపమనేవాడు. నేను జనరల్ మేనేజర్ ఆఫీసుకు కలిపేదాన్ని. సెక్రటరీ తీసి మీటింగ్ అనేది, లేకపోతే రేపు చూద్దామనేది. ఈయన సరేనని పెట్టేసేవాడు. కోపం తెచ్చుకోవడం, గొంతు పెంచడం లేవు. మర్నాడు మళ్ళీ దీపం వెలిగేది. ఆ సెక్రటరీకి ఆయన గొంతు ఎంత అలవాటైందంటే, ఒకరోజు ఆయన జ్వరంతో రాకపోతే, గేటాయన ఫోన్ చేయలేదేమని తనే నన్ను అడిగింది.

ఎండలు పోయి చలి వచ్చింది. సముద్రం వైపు నుంచి హాయిగా గాలి వీస్తోంది. ఇప్పుడు చల్లని గది ఎవరికి కావాలి, కొన్నాళ్ళు మానేయండి అన్నా అని చెప్పాను.

"ఎండకాలంల అడిగితే ఎండకాలం అయినంక ఇస్తరు" అన్నాడు. "గిప్పుడే అడగాలె."

ఆ చలికాలంలోనే ఇత్తడి తలుపులు పీకేశారు. మనిషి దగ్గరకు రాగానే వాటంతటవే తెరుచుకునే గాజు తలుపులు పెట్టారు. పాతవాటిని లారీకెత్తి వెనక గేటు గుండానే బయటికి పంపారు. ఆ సమయానికి నేను భోజనం ముగించి గేటు వైపు వచ్చాను. అన్న లారీని ఆపించాడు. వెనకకు వెళ్ళి, పడుకోబెట్టిన తలుపు పిడిని జేబురుమాలుతో తుడిచాడు. ఏళ్ళ తరబడి తన చెయ్యి రాసుకుని పిడి ఒక చోట అరిగి మెరుస్తోంది. అక్కడ ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి, వచ్చి గేటు రెండు రెక్కలూ తీసి, లారీ వెళ్ళేదాకా నిటారుగా నిలబడ్డాడు. లారీ డ్రైవరు పాకిస్తానీ. అతనికి ఏమర్థమైందో, తనూ చెయ్యెత్తి సలాం చేసి వెళ్ళాడు. నేను పలకరించబోయాను. ఆయన గ్లాసులో నీళ్ళు పోసి నా చేతికిచ్చాడు.

శుక్రవారాల్లో సెలవు కలిసొస్తే అల్ వక్రాలో మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. తలుపు తీసే ఉన్నా గడప బయటే నిలబడేవాడు. మా ఆయన ఎదురెళ్ళి, "రండి బావా" అని చెయ్యి పట్టుకుని తెస్తేనే లోపలికి వచ్చేవాడు. అప్పుడు చెప్పాను, ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఈ బాధలన్నీ ఉండేవి కావు కదా అని. పచ్చిపులుసు కలుపుకుంటూ ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు. ఏ బాధలు అని అడిగాడు. నిజంగానే అడిగాడు. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వేసవి మొదలయ్యేలోగా పాత జనరల్ మేనేజర్ వెళ్ళిపోయాడు. లెబనాన్ నుంచి కొత్తాయన వచ్చాడు. ఆయన వచ్చిన వారంలోనే ఒక ఉదయం గేటు దీపం వెలిగింది. కలిపాను. సెక్రటరీ సీట్లో లేదు. కొత్తాయనే ఎత్తాడు. ఎత్తినాయన పది మాటలు కూడా వినకముందే, నువ్వున్న చోటికే వస్తున్నానని పెట్టేశాడట.

తర్వాత సిబ్బంది సమావేశంలో ఆయనే నవ్వుతూ ఇది చెప్పాడు. గేటు బయట సందు చూసి లోపలికి రాబోతుంటే మీసాల మనిషి అడ్డంగా నిలబడి, "ఫస్ట్ వాటర్ సార్" అన్నాడట. నేను జనరల్ మేనేజర్‌ను అంటే, తెలుసు సార్, ఫస్ట్ వాటర్ అన్నాడట. తాగాక గేటు తెరిచి అంత గొప్పగా వంగితే, తన జీవితంలో ఏ హోటల్లోనూ తనకు అలాంటి స్వాగతం దొరకలేదని కొత్తాయన అన్నాడు. ఆయన అక్కడ పూలగదిలోకి ఒకసారి, కుర్చీల గదిలోకి ఒకసారి వెళ్ళి, రెండుచోట్లా నిలబడి చూశాడు. ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

వేసవి ముదిరేలోగా కుర్చీలు పోయాయి, ఏసీ వచ్చింది, బెంచీలు వచ్చాయి. కూలీలు వచ్చి చల్లని గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకునేవారు. ఆ గదికి బోర్డేమీ పెట్టలేదు. అందరూ 'అబూ షనబ్ కమ్రా' అనేవారు. ఇంకో నియమం కూడా వచ్చింది: ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏ తలుపు దగ్గరైతే దాంట్లోంచే లోపలికి తీసుకురావాలి. అది సిబ్బంది పుస్తకంలో అచ్చయింది. ఆ వాక్యం ఎవరి వల్ల వచ్చిందో పుస్తకంలో లేదు.

కొత్తాయన అన్నను మళ్ళీ ముందుకు రమ్మన్నాడు. పాత అతిథులు అడుగుతున్నారని, కొత్త కోటు కుట్టిస్తానని స్వయంగా చెప్పాడు. ఎంతమంది ఎగిరి గంతేసేవారో. అన్న ఒక రాత్రి ఆలోచించుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, రానని చెప్పించాడు. కారణం నాకు చెప్పిన మాటల్లోనే చెప్తాను.

"ముంగట తలుపు తెర్వనీకి మిషన్ వెట్టిండ్రు చెల్లె. అది మంచిగనే తెరుస్తది. ఎన్క గేటుకు మిషన్ వెడితే నీళ్ళు తాపదు."

రిటైరయ్యేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. వెళ్ళాక అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ముసల్ది ఎట్లున్నదని అడిగేవాడు. ఈ వానల్లో జ్వరం వచ్చింది, గుండె ఆగింది అని వాళ్ళ చుట్టపాయన ఒకరు కబురు చేశారు.

సెలవుకు వెళ్ళినప్పుడు తెనాలి నుంచి మా ఆయనా నేనూ ఆ ఊరు వెళ్ళాం. జగిత్యాల దాటాక ఇంకా కొంత లోపలికి. వరి నాట్లు పడి పొలాలు పచ్చగా ఉన్నాయి. వదిన వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. పక్కన ఆమె తోటికోడలు, ఇద్దరి ఒళ్ళోనూ చేటలు. వదిన ఆయన ఫోటో చూపించింది. అది ఎర్ర కోటు, తలపాగా ఉన్న ఫోటో. హోటల్లో నేను టెలిఫోన్ పని చేస్తానని చెప్పగానే ఆమె మొహం విచ్చుకుంది. దుబాయ్‌ల ఆయనతో పని జేసిన చెల్లె నువ్వేనా అంది. ఖతర్ అని దిద్దడానికి ఆయన లేడు. నేనే వదినా అన్నాను.

ఆయన అక్కడ ఎలా ఉండేవాడో అడిగింది. చెప్పాను. డేగ సంగతి చెప్తే నవ్వింది. నీళ్ళ గ్లాసుల సంగతి చెప్తే తల వంచుకుని వింది. తలపాగా, సోఫా, కాగితం, ఇవేమీ ఆమెకు తెలియవని మాటల్లో నాకు అర్థమైంది. ఆయన చెప్పలేదు. చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగా, చేతిలో ఆకు మడుస్తూ ఆమే అడిగింది.

"ఒగపారి ఫోన్ జేసి, నాకు గిప్పుడు ఇంకా పెద్ద దర్వాజ ఇచ్చిండ్రు, దాంట్ల లారీలు వడ్తయి అన్నడు. జీతం వెంచిండ్రా అంటే, జీతం గంతే, గని దర్వాజ పెద్దది అన్నడు. నేను ఊరందరికి చెప్పుకున్న. ఈమె నమ్మలే. హోటల్ల లారీలు వట్టే దర్వాజ ఏడుంటది, నిన్ను మురిపిచ్చెతందుకు అన్నడు అన్నది. నిజమేనా చెల్లె?"

తోటికోడలు చేతులు ఆపి నావైపు చూసింది.

"నిజమే వదినా" అన్నాను. "ఆ హోటల్లో అంతకంటే పెద్ద తలుపు లేదు."

వదిన తోటికోడలి వైపు ఒకసారి చూసి, చేట దగ్గరకు లాక్కుని ఇంకో ఆకు తీసుకుంది.